అహం, ఈగో, నేను: ఒక పదం చుట్టూ కొన్ని మనోవైద్య సంప్రదాయాలు

మనస్తత్వశాస్త్రాన్ని తెలుగులో చదవబోయే విద్యార్థికి మొదటి మెట్టు మీదే మూడు మాటలు ఎదురవుతాయి: అచిత్తు, అహం, అధ్యహం. ఉపాధ్యాయ శిక్షణకు వాడే పుస్తకాలలోనూ, పోటీ పరీక్షల గైడ్లలోనూ ఇవి ఫ్రాయిడ్ చెప్పిన ఇడ్, ఈగో, సూపర్ ఈగోలకు సమానార్థకాలుగా స్థిరపడిపోయాయి. ఆంధ్ర, తెలంగాణల వెలుపల చదువుకునే మన విద్యార్థులకు ఈ మాటలు కూడా దక్కవు. బెంగుళూరులోనో, బరంపురంలోనో, నాగపూరులోనో ఈ శాస్త్రాన్ని ఇంగ్లీషులో చదివి, ఇంటికి వచ్చి అమ్మతోనో మేనమామతోనో దాన్ని గురించి చెప్పవలసి వస్తే వాళ్ళ నోటికి వచ్చేది ‘ఈగో’ ఒక్కటే. అది కూడా సినిమా సంభాషణల్లోని ఈగో. హర్ట్ అయ్యేది, అడ్డం వచ్చేది, తగ్గించుకోవలసినది.

ఇది పారిభాషిక పదాల తగాదా మాత్రమే అయితే మేము ఇన్ని పుటలు వెచ్చించి ఉండేవాళ్ళం కాదు. నలుగురిలో నోరు విప్పలేక, ఏ నిర్ణయమూ తీసుకోలేక, ఎవరేమన్నా అదే నిజమనుకుని కుంగిపోయే మనిషిని చూసి వైద్యుడు ‘ఈగో బలహీనంగా ఉంది, బలపరచాలి’ అనుకుంటాడు. ఆ మాటను ఉన్నదున్నట్టు తెలుగు చేసి ‘మీవాడికి అహం తక్కువ’ అంటే ఇంటివాళ్ళు ‘మంచిదే కదండీ’ అంటారు. ‘అహాన్ని బలపరచాలి’ అంటే ‘ఉన్నది చాలదా, ఇంకా నేర్పుతారా?’ అంటారు. దీనికి విపర్యయం కూడా ఉంది. తన మీద తనకే గౌరవం చచ్చిపోయి మంచం పట్టిన మనిషి దగ్గర కూర్చుని, ‘అంతా ఆ అహంకారం వల్లే, దాన్ని చంపుకో’ అని హితవు చెప్పే పెద్దలు మన ఇళ్ళలో కొదవ లేరు. ఒక మాటకున్న రెండు అర్థాలు ఒక మనిషి మీద ఇలా పనిచేస్తాయి. అందువల్ల ఆ మాట ఎక్కడి నుంచి వచ్చిందో, ఎవరెవరి చేతుల్లో ఏమైందో కొంచెం నిదానంగా చూడవలసి ఉంది.

ముందు ఫ్రాయిడ్ దగ్గరకు పోదాం. ఆయన ‘ఈగో’ అనలేదు. 1923లో వెలువడిన ఆయన గ్రంథం పేరులో ఉన్నవి రెండు సర్వనామాలు: ‘ఇష్’, ‘ఎస్’. జర్మన్ భాషలో ఇష్ అంటే నేను, ఎస్ అంటే అది. మూడేళ్ళ పిల్లవాడు కూడా వాడే మాటలు. ఈ రెండో మాటను ఆయన గియోర్గ్ గ్రోడెక్ అనే వైద్యుడి దగ్గర నుంచి తీసుకున్నానని చెప్పుకున్నాడు. 1927లో జోన్ రివియేర్ చేసిన ఇంగ్లీషు అనువాదంలో ఈ సర్వనామాలు పోయి వాటి స్థానంలో లాటిన్ మాటలు కూర్చున్నాయి. 1953 నుంచి 1974 దాకా జేమ్స్ స్ట్రేచీ సంపాదకత్వంలో వచ్చిన 24 సంపుటాలు వాటికి ముద్ర వేశాయి. వైద్యశాస్త్రానికి లాటిన్ వల్ల గౌరవం వస్తుందని వాళ్ళ నమ్మకం. దీనివల్ల ఫ్రాయిడ్ మాటల్లోని ఆత్మీయత పోయి, తనను గురించి తాను ఆలోచించుకోవలసిన పాఠకుడు పరాయి యంత్రం గురించి చదువుతున్నట్టు అయిందని 1980ల మొదట్లో బ్రూనో బెటెల్‌హైమ్ ఘాటుగా విమర్శించాడు. ఫ్రెంచివాళ్ళు, స్పానిష్‌వాళ్ళు మాత్రం తమ సర్వనామాలనే నిలబెట్టుకున్నారు. ఆ సంగతి లకాన్ దగ్గరకు వచ్చేసరికి పనికివస్తుంది.

భాషాశాస్త్ర విద్యార్థులకు ఇక్కడ ఒక వినోదం ఉంది. లాటిన్ ఈగో, జర్మన్ ఇష్, సంస్కృత అహం – మూడూ ఒక్క మూలం నుంచి వచ్చిన జ్ఞాతిపదాలు. మూడింటికీ అర్థం ‘నేను’ అనే. కాబట్టి ఈగోను అహం అని అనువదించిన తెలుగు పండితుడు నిరుక్తం దృష్ట్యా నూటికి నూరుపాళ్ళు సరైన పనే చేశాడు. చిక్కంతా వాడుకలో ఉంది. సంస్కృతంలో అహం సర్వనామం. తెలుగులో అది సర్వనామంగా ఎన్నడూ బతకలేదు, మనకు ‘నేను’ ఉంది కనుక. తెలుగులోకి అది నామవాచకంగా, అందులోనూ దుర్గుణం పేరుగా వచ్చింది. అహంకారం, అహంభావం, అహమిక – ఈ కుటుంబంలో ఒక్కటీ పొగడ్తకు పనికిరాదు. జర్మన్ పాఠకుడు ‘ఇష్’ చదివి తన గుండె మీద చెయ్యి వేసుకుంటాడు. తెలుగు పాఠకుడు ‘అహం’ చదివి పక్కింటివాడి వైపు చూస్తాడు.

సాంఖ్యంలో అహంకారం తిట్టు కాదు. బుద్ధి నుంచి పుట్టి, ‘ఇది నేను, ఇది నాది’ అని అంటగట్టుకునే తత్త్వం అది. దాని లక్షణాన్ని సాంఖ్యులు ‘అభిమానం’ అన్నారు. ఆ అభిమానం తెలుగులో ఏమైందో చూడండి. అభిమాన నటుడు, అభిమాన సంఘం, ‘మా మీద అభిమానం ఉంచండి’, ‘అభిమానం గల మనిషి’ – అన్నీ ప్రేమవైపో పరువువైపో జరిగాయి. తత్త్వం పేరు తిట్టయింది, దాని లక్షణం పేరు మెప్పయింది. ఒకే వస్తువుకు ఇలా రెండు ముఖాలు పెట్టుకున్న భాషలోకి ఫ్రాయిడ్‌ను తీసుకురావాలంటే జాగ్రత్త ఎక్కువ కావాలి.

‘అచిత్తు’ విషయంలో మేము ఇంత ఓపిక చూపలేం. అది నేరుగా తప్పు. విశిష్టాద్వైతంలో చిత్తు, అచిత్తు, ఈశ్వరుడు అనే తత్త్వత్రయం ఉంది. అందులో అచిత్తు అంటే జడం, చైతన్యం లేనిది. ఫ్రాయిడ్ ‘అది’ జడం కాదు, మనిషిలో అంతకంటే చురుకైనది మరొకటి లేదు. కోరిక, కసి, ఆకలి అన్నీ అక్కడివే. మనకు తెలియనిది అనటానికీ, తెలివి లేనిది అనటానికీ చాలా దూరం. పరీక్షలో అచిత్తు అని రాసి మార్కులు తెచ్చుకున్న విద్యార్థి, తన అంతరంగంలో ఒక బండరాయి ఉన్నదని నమ్మి బయటికి వస్తాడు.

ఫ్రాయిడ్ ‘నేను’ ఎటువంటిది? 1923 గ్రంథంలో ఆయన దాన్ని గుర్రం మీది రౌతుతో పోల్చాడు. రౌతు గుర్రాన్ని నడుపుతున్నాననుకుంటాడు. చాలాసార్లు గుర్రం పోదలచిన చోటికే దాన్ని నడపవలసి వస్తుంది. 1933 నాటి ఉపన్యాసాలలో అదే ‘నేను’ ముగ్గురు యజమానుల కొలువులో నలిగే నౌకరుగా కనిపిస్తుంది. బయటి ప్రపంచం ఒకరు, లోపలి ‘అది’ ఒకరు, తల్లిదండ్రుల గొంతు లోపల పేరుకోగా ఏర్పడిన ‘పై నేను’ ఒకరు. ఈ చిత్రంలో గర్వానికి చోటెక్కడ? అహంకారి అని మనం పిలిచే మనిషి నిజానికి ఈ నౌకరుకు జీతం చాలనివాడు కావచ్చు. ఇంకొక ముఖ్యమైన సంగతి, పరీక్ష గైడ్లు తరచు వదిలేసేది: ఈ ‘నేను’లో కూడా కొంత భాగం తనకు తెలియకుండానే పనిచేస్తుంది. తనను కాపాడుకోవడానికి చేసే దమనం, ప్రక్షేపణం, హేతుకీకరణం వంటి తంత్రాలు తెలిసి చేసేవి కావు. వాటిని వరుసపెట్టి వివరించిన పుస్తకం 1936లో ఆయన కూతురు అన్నా ఫ్రాయిడ్ రాసింది.

అక్కడి నుంచి హైంజ్ హార్ట్‌మన్ ఒక అడుగు ముందుకు వేశాడు. ‘నేను’ ఎప్పుడూ కొట్లాటలోనే ఉండదు, చూడటం, నడవటం, మాటలు నేర్చుకోవటం వంటి పనుల్లో దానికి స్వంత భూమి ఉంది, పరిసరాలతో పొందిక కుదుర్చుకోవటం దాని ప్రధాన కార్యం అని 1939లో ప్రతిపాదించాడు. 1938లో హిట్లర్ ఆస్ట్రియాను కలుపుకున్నాక వియన్నా విశ్లేషకులు చాలామంది వలసపోయారు, వాళ్ళలో హార్ట్‌మన్ వంటివారు అమెరికా చేరారు. ఇల్లూ భాషా పోగొట్టుకుని కొత్త దేశంలో నిలదొక్కుకుంటున్నవాళ్ళ చేతుల్లో ‘పొందిక’ పెద్ద విలువ కావటంలో ఆశ్చర్యం లేదు. మూడు తరాల కింద వలస వచ్చి, వీధిలో ఒక భాష ఇంట్లో ఒక భాషగా బతుకుతున్న మన పాఠకులకు ఇది మరీ చెప్పనక్కరలేదు. ఎరిక్ ఎరిక్‌సన్ 1950లో వెలువరించిన పుస్తకంలో ‘నేను’కు చరిత్రనూ సమాజాన్నీ జోడించి ఐడెంటిటీ అనే మాటకు ఊపు తెచ్చాడు. 1918 నాటి అహమదాబాదు మిల్లు కార్మికుల సమ్మెను ఆధారం చేసుకుని గాంధీ మీద ఆయన రాసిన పుస్తకం 1969లో వచ్చింది.

ఈ అమెరికా ధోరణిని అసలు సహించనివాడు జాక్ లకాన్. ఫ్రెంచిలో ‘నేను’కు రెండు మాటలున్నాయి. వాక్యానికి కర్తగా నిలిచేది ‘జ’, వస్తువుగా చెప్పుకునేది ‘మ్వా’. ఆరు నుంచి పద్దెనిమిది నెలల మధ్య పసివాడు అద్దంలో తన బొమ్మ చూసి ఉబ్బిపోతాడు. ఒళ్ళు ఇంకా స్వాధీనంలో లేదు, కాని బొమ్మ మాత్రం పూర్తిగా, నిటారుగా ఉంది. ఆ పరాయి బొమ్మనే తాననుకోవటంతో ‘మ్వా’ పుడుతుందని 1949లో జూరిచ్‌లో చదివిన పత్రంలో ఆయన వాదించాడు. అంటే ఈగో అన్నది మొదటి నుంచీ పొరపాటు గుర్తింపు. దాన్ని బలపరచటం చికిత్స ఎలా అవుతుంది? పొరపాటును గట్టిచేయటమే కదా? ఇందులోని పదును మేము కాదనం. కాని లకాన్ వాక్యాలను పట్టుకుని, నిలబడటానికే సత్తువ లేని రోగి ముందు ‘నీ నేను భ్రమ’ అని ప్రకటించే చిలకపలుకుల పాండిత్యం మాత్రం మాకు రుచించదు.

ఈ రెండు వాదాలనూ ఒక తెలుగు పాత్ర మీద పెట్టి చూద్దాం. 1940లలో గోపీచంద్ రాసిన ‘అసమర్థుని జీవయాత్ర’ నాయకుడు సీతారామారావుకు మరణించబోయే తండ్రి వంశప్రతిష్ఠ అప్పగించి పోతాడు. ఆ ప్రతిష్ఠ కోసమే ఉన్న ఆస్తి కరగబోసి, తరువాత ఏ పనిలోనూ ఇమడలేక, చివరకు శ్మశానంలో తనతో తనే కలబడి ముగిసిపోతాడు. తరగతుల్లో ఈ నవల చెప్పేటప్పుడు తేలిగ్గా దొర్లే మాట ‘అతని అహమే అతన్ని తినేసింది’. ఏ అహం? ఫ్రాయిడ్ దృష్టిలో అతన్ని తిన్నది ‘పై నేను’, చనిపోయిన తండ్రి గొంతు. అతని ‘నేను’ తినేటంత బలమైనది కాదు, తినబడినది. లకాన్ అయితే వంశప్రతిష్ఠ అనే అద్దంలోని నిలువెత్తు బొమ్మను చూపించి, ఆ బొమ్మ పగిలితే కింద మనిషే లేడంటాడు. 1911లో ఫ్రాయిడ్ నుంచి విడిపోయిన ఆల్‌ఫ్రెడ్ ఆడ్లర్ ఈ ముక్కలు చేయటాన్నే ఒప్పుకోడు. మనిషి అవిభాజ్యం, లోపలి న్యూనతను కప్పటానికే పైకి ఆధిక్యం వెతుకుతాడు, నలుగురితో కలిసి బతకటంలో పాలుపంచుకోవటం ఒక్కటే దారి అంటాడు. ఆత్మన్యూనత అనే మాట తెలుగులో ఇంతగా వాడుకలోకి రావటానికి మూలం ఆడ్లరే. ఈ పాత్రకు మా మటుకు ఆడ్లర్ చూపే చాలా దగ్గరగా తోస్తుంది. ఏ చూపుతో చూసినా సీతారామారావుకు లేనిది అహం. ‘అహంకారి’ అన్న ఒక్క తెలుగు మాట ఆ నవలను చదవనీయకుండా చేస్తుంది.

బ్రిటన్‌లో డోనాల్డ్ వినికాట్ ‘నిజమైన తాను’, ‘బూటకపు తాను’ అన్న భేదం చేశాడు. తల్లి పిల్లవాడి చేష్టకు స్పందించక, తన అవసరానికే వాడు స్పందించేటట్టు చేస్తే, వాడు పసితనంలోనే సర్దుకుపోవటం నేర్చి దాని వెనక తాను దాక్కుంటాడు. అటువంటి పిల్లవాడికి మన ఇళ్ళలో ‘బుద్ధిమంతుడు’ అని బిరుదు. చికాగోలో హైంజ్ కోహుట్ 1971లో వచ్చిన పుస్తకంలో, తనను తాను ప్రేమించుకోవటం తప్పనిసరిగా రోగం కాదని, పసివాడి గొప్పలను మురిసిపోతూ చూసే కన్ను లేకపోవటమే రోగానికి మూలమని చెప్పాడు. మనకు అభిమానం అన్న మాట ఉండనే ఉంది. కోహుట్‌ను తెలుగులో చెప్పాలంటే అహాన్ని విడిచి అభిమానాన్ని పట్టుకోవాలని మా అభిప్రాయం.

ఎరిక్ బెర్న్ దగ్గరకు వస్తే వ్యవహారం పూర్తిగా మాటల్లోకి దిగుతుంది, అందుకే భాషాశాస్త్రంవాళ్ళకు ఆయన ఇష్టుడు. పాల్ ఫెడెర్న్ దగ్గర నుంచి వచ్చిన ‘ఈగో స్థితి’ అన్న భావనను ఆయన మూడు గొంతులుగా విడదీశాడు: పెద్ద, పరిణతుడు, పిల్లవాడు. ఎవరు ఏ గొంతుతో పలికితే ఎదుటివాడు ఏ గొంతుతో బదులిస్తాడన్నదే ఆయన శాస్త్రం. 1964 నాటి ఆయన పుస్తకం సామాన్య పాఠకులలోకి కూడా బాగా పోయింది. తెలుగులో నువ్వు, మీరు, తమరు, ఏరా, ఏమండీ అన్న పిలుపులు ఈ గొంతులను చెవికి వినబడేటట్టు చేస్తాయి. కాని ఒక చోట బెర్న్ పట్టిక మనకు తలకిందులవుతుంది. తెలుగు తండ్రి కొడుకును ‘నాయనా’, ‘నాన్నా’ అంటాడు. తల్లి కూతుర్ని ‘అమ్మా’, ‘తల్లీ’ అని పిలుస్తుంది. పెద్ద గొంతు పిల్లవాడికి పెద్ద స్థానం ఇచ్చి బతిమాలుతుంది, అదే గొంతుతో శాసిస్తుంది కూడా. ‘అలా చేయకూడదు నాన్నా’ అన్న వాక్యం ఏ గడిలో పడుతుందో మేము తేల్చలేదు. తేల్చదలచిన పరిశోధక విద్యార్థికి మంచి అంశం.

మా దృష్టిలో అసలు గట్టు ఫ్రిట్జ్ పెర్ల్స్ దగ్గర ఉంది. గెస్టాల్ట్ చికిత్సలో ఈగో వస్తువు కాదు, క్రియ. ‘ఇది నాది’ అని కలుపుకోవటం, ‘ఇది నాది కాదు’ అని తోసివేయటం, ఈ రెండూ మనిషికీ పరిసరానికీ మధ్య హద్దు మీద ఎప్పటికప్పుడు జరిగే పనులు. 1942లో దక్షిణాఫ్రికాలో అచ్చయిన ఆయన మొదటి పుస్తకంలోనే దీని బీజాలున్నాయి. చికిత్సలో దీనికి ఒక అభ్యాసం ఉంది. రోగి ‘అది’ కర్తగా చెప్పిన ప్రతి వాక్యాన్నీ ‘నేను’ కర్తగా మార్చి చెప్పాలి. అలా చెప్పనివాడు బాధ్యత తప్పించుకుంటున్నాడని లెక్క.

ఇంగ్లీషుకు ఇది సరిపోవచ్చు. మనం మాత్రం ‘నాకు కోపం వచ్చింది’ అంటాం. కోపం కర్త, నేను చతుర్థిలో ఉన్నాను. నాకు భయం వేసింది, నాకు ఆకలేస్తోంది, నాకు గుర్తొచ్చింది, నాకు నచ్చింది – అనుభవాలన్నీ బయటి నుంచి వచ్చే చుట్టాలలాగా వస్తాయి. ఇది తెలుగుకే ప్రత్యేకం కాదు. కన్నడంలో ‘ననగె కోప బంతు’, తమిళంలో ‘ఎనక్కు కోపం వందదు’, మరాఠీలో ‘మలా రాగ్ ఆలా’. ఒడియా కూడా ఇదే దారి. మరాఠీ, ఒడియాల్లో రాగం అంటే కోపం. అక్కడి తెలుగు పిల్లలు ఇంట్లో విన్న అనురాగంతో దాన్ని ఎలా కలుపుకుంటారో అది వేరే వ్యాసం. ఈ నిర్మాణం దక్షిణాసియా భాషల ఉమ్మడి లక్షణమని భాషాశాస్త్రంలో చాలాకాలంగా చర్చ ఉన్నదే. కనుక తెలుగు రోగి చతుర్థిలో మాట్లాడితే తప్పించుకుంటున్నాడని కాదు, వ్యాకరణం ప్రకారం మాట్లాడుతున్నాడని. అతనిచేత ప్రథమావిభక్తిలో చెప్పించాలని చూస్తే ఏమవుతుంది? ‘నేను కోప్పడ్డాను’ అంటాడు. అర్థం మారిపోయి, ఎవరినో కేకలేశానని అవుతుంది. ‘భయపడ్డాను, సిగ్గుపడ్డాను, బాధపడ్డాను’ అన్నా ఆ ‘పడు’లో చేసిన పని లేదు, పడిన పాటే ఉంది.

అయితే తెలుగులో బాధ్యతకు చోటు లేదా అంటే, ఉంది. సర్వనామంలో కాక క్రియలో ఉంది. ‘కోపం వచ్చింది’కీ ‘కోపం తెచ్చుకున్నాను’కీ ఉన్న తేడా ఏ తెలుగు ఇల్లాలికైనా తెలుసు. ‘మనసులో పెట్టుకున్నాను’, ‘తల మీదికి తెచ్చుకున్నాను’, ‘బెంగ పెట్టుకున్నాను’. పెర్ల్స్ వెతికే ‘నేను’ మన భాషలో ‘కొను’ అనే సహాయక్రియలో దాగి ఉంది. తెలుగులో ఈ చికిత్స చేయదలచినవాడు ‘నేను అని చెప్పు’ అనకూడదు, ‘వచ్చిందా, తెచ్చుకున్నావా?’ అని అడగాలి. ఇంగ్లీషులో శిక్షణ పొంది తెలుగువాళ్ళకు వైద్యం చేసే యువతీయువకులు ఇది గమనిస్తే రోగుల మీద అకారణమైన నింద ఒకటి తగ్గుతుంది.

కాగ్నిటివ్ చికిత్సకు ఈగోతో పెద్ద పని లేదు. ఆరన్ బెక్ మనసులో దానంతటదే మెదిలే ఆలోచనలను పట్టి పరీక్షించమన్నాడు. తెలుగులో ఆలోచించటానికి వాడుక మాటే ‘అనుకోవటం’, తనతో తాను అనటం. బెక్ సిద్ధాంతం సగం మన క్రియాపదంలోనే ఉంది. ఆల్బర్ట్ ఎల్లిస్ 1955 నుంచి చెప్పుకొచ్చినది మరొకటి: చేసిన పనికి మార్కులు వేయండి, మనిషికి వేయకండి. తెలుగులో ఇది కాస్త కష్టం. ‘నేను తెలుగువాణ్ణి’, ‘నేను చేతకానివాణ్ణి’, ‘నేను అసమర్థుణ్ణి’ – మన భాషలో నామవాచకానికే ఉత్తమపురుష ప్రత్యయం అంటుకుంటుంది. నేటి తమిళ కన్నడాల్లో ఇలా అంటదు. ‘పని చెడింది’ అనేది ఒక సంగతి. ‘చెడ్డవాణ్ణి’ అన్నప్పుడు ఆ గుణం ‘నేను’కు అతుక్కుపోయి వస్తుంది.

ఇప్పటిదాకా చెప్పినవాళ్ళలో ఎక్కువమంది ఏకవచనంలోనే మాట్లాడారు. మనకు బహువచనాలు రెండు, మేము, మనం. (ఈ వ్యాసంలోనూ రెండూ తొక్కుతున్నాం, పాఠకుడు ఏది ఎక్కడ వచ్చిందో చూసుకోవచ్చు.) ‘నా భార్య’ అనటం మోటుగా ఉండి ‘మా ఆవిడ’ అంటాం. ఒక్కడే సంతానమైనా ‘మా అమ్మ’ అంటాడు. ‘మావాళ్ళు ఒప్పుకోరండి’ అన్న రోగి మాటలో పాశ్చాత్య శిక్షణ పొందిన చెవి పరాధీనతను వింటుంది. సుధీర్ కకర్ 1978లో వెలువరించిన పుస్తకంలో, భారతీయుల ‘ఈగో’ పాశ్చాత్య కొలతకు చిన్నదిగా కనిపించటానికి కారణం, దాని పనులు కొన్ని తల్లీ కుటుంబమూ చాలాకాలం నెరవేర్చటమేనని వివరించాడు. పదేళ్ళకు, 1988లో, అమెరికన్ విశ్లేషకుడు ఆలన్ రోలండ్ భారత, జపాన్ దేశాల రోగులను చూసి, ఇది ఎదగని ‘నేను’ కాదు, వేరే తీరున ఎదిగిన కుటుంబపు ‘నేను’ అన్నాడు. మేము రోలండ్ పక్షం. అయితే ‘మేము’లో దాక్కోలేని బాధలు కూడా ఉంటాయి. ముఖ్యంగా అత్తవారి ‘మా’లో చోటు దొరకని కోడలికి కుటుంబపు ‘నేను’ అనే సిద్ధాంతం ఏమంత ఊరట కాదు.

ఈ చర్చ మన ముంగిట్లో కూడా జరిగింది. బెంగుళూరులోని అఖిల భారత మానసిక ఆరోగ్య సంస్థ నుంచి, అంటే 1974లో నిమ్‌హాన్స్‌గా మారిన సంస్థ నుంచి, ఎన్.సి. సూర్య, ఎస్.ఎస్. జయరాం 1964లో ప్రచురించిన చిన్న వ్యాసం ఒకటుంది. భారతీయ రోగి తన లోపలి కారణాలను తవ్వుకోవటానికి కాక, ఎదురుగా ఉన్న పరిస్థితిలో బాహాటమైన ఆసరాకు వైద్యుడి దగ్గరకు వస్తాడన్నది వాళ్ళ పరిశీలన. వేలూరు క్రైస్తవ వైద్య కళాశాలలో 1950లలోనే రోగితోపాటు ఇంటివాళ్ళు కూడా ఉండే పద్ధతి పెట్టారు. చిత్తూరు నుంచీ, రాయలసీమ నుంచీ రోగిని తీసుకుని వేలూరు బండి ఎక్కే కుటుంబాలకు ఇది వింతగా తోచి ఉండదు. అంతకు ముందే, 1922లో కలకత్తాలో భారతీయ మనోవిశ్లేషణ సమాజాన్ని స్థాపించిన గిరీంద్రశేఖర్ బోస్, ఫ్రాయిడ్‌కు ఉత్తరాలు రాస్తూ ఆయనతో విభేదించటానికి వెనుకాడలేదు.

చివరగా, అహాన్ని బలపరచాలా కరిగించాలా అన్న ప్రశ్న. కార్ల్ యుంగ్‌కు ఈగో చైతన్యానికి కేంద్రం మాత్రమే. మొత్తం మనసుకు కేంద్రం ‘సెల్ఫ్’. 1938లో భారతదేశ పర్యటనలో మద్రాసు దాకా వచ్చి కూడా ఆయన తిరువణ్ణామలైకి పోలేదు. తరువాత రమణ మహర్షి బోధలపై హైన్‌రిఖ్ జిమ్మర్ గ్రంథానికి ముందుమాట రాస్తూ, ఈగోను పూర్తిగా లేకుండా చేయటం పట్ల తన సంకోచాన్ని దాచుకోలేదు. అదే తిరువణ్ణామలైకి 1950లో చలం వెళ్ళి, 1979లో మరణించేదాకా అక్కడే ఉన్నాడు. జీవితమంతా ‘నేను’ తరఫున సంఘంతో పోరాడిన రచయిత, ‘నేనెవరు?’ అన్న విచారణ నేర్పిన చోట స్థిరపడటాన్ని కొందరు పతనమన్నారు, కొందరు పరిపాకమన్నారు. చికిత్స దృష్టితో చూస్తే ఒక మాట మాత్రం చెప్పవచ్చు. విచారించటానికి ఒక ‘నేను’ ముందు ఉండాలి. చలానికి కావలసినంత ఉంది. అది లేని మనిషికి ఆ దారి చూపటం, అప్పులవాడికి దానధర్మాలు బోధించటం వంటిది.

ఇక మాటల సంగతి. ‘నేను’ను నామవాచకం చేస్తే విభక్తులతో చిక్కు: ‘నేనుకు’, ‘నేనును’ చెవికి ఎబ్బెట్టు. ‘నేను అనేది’ అంటే ఈ చిక్కు లేదు. కొంచెం పొడవు, అంతే. ఫ్రాయిడ్, హార్ట్‌మన్‌లకు అది చాలు. వినికాట్, కోహుట్‌లకు ‘తాను’ మేలు. లకాన్‌కు ‘నేను’, ‘నేను అనుకునేది’ అని రెండు పెట్టుకోవచ్చు. అహాన్ని పూర్తిగా తొలగించటం ఇప్పుడు సాధ్యం కాదు, పుస్తకాలలో పాతుకుపోయింది. అచిత్తును మాత్రం ఇవాళే తీసివేయవచ్చు. హిందీ పుస్తకాలలో దానికి ‘ఇదం’ అని ఉంది. సర్వనామం సర్వనామంగానే ఉంది, జడమన్న మచ్చా లేదు. నాగపూరులో, షోలాపూరులో చదివే మన విద్యార్థులకు ఆ మాట ఇప్పటికే పరిచయం ఉండవచ్చు. వాళ్ళు తమ తెలుగు జవాబులలో దాన్ని వాడితే దిద్దేవారు కొట్టివేయకూడదని మా మనవి.